ఎత్తుకాఫీ

(‘రాళ్ల బజారు’ నవలలో పదకొండో భాగం)

సుందరరావు మా గడప ముందు నిలబడి ఒక మాట అడిగాడు. కిందటి వారం అక్కడ ఆగాము. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారు ఉంటారు కాబట్టి ఆ మాట ఏమిటో మళ్లీ చెబుతాను.

మాచర్ల బజారులో వాళ్ల నాన్న వెంకట్రామయ్యగారు పెట్టిన పెంకుటింటి కాఫీ హోటలును పడగొట్టి, అదే చోట సుందరరావు మిద్దె కట్టాడు. సాగరు డ్యామ్ పని మొదలైనప్పటి నుంచి ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, లారీలవాళ్లు మా ఊరి మీదుగానే పోతున్నారు. పెంకుటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని తాగడం వాళ్లకు ఆనదు. అందుకని కొత్త హోటలుకు ఫ్యాన్లు, పాలరాతి బల్లలు, రేడియో వచ్చాయి. ఇక బోర్డు ఒకటి రావాలి. బోర్డు మీద వెంకట్రామయ్యగారు తలకన్న పైకి చెయ్యెత్తి కాఫీ పోస్తున్నట్లు బొమ్మ. బొమ్మ కింద రెండు వాక్యాలు. ఆ రెండూ నన్ను రాసిమ్మన్నాడు.

“మా నాయన ఎత్తుకాఫీ అంటే పల్నాడంతా పేరు మాస్టారూ. మీరు రాస్తే చదివినోడికి పాత మాచర్ల కళ్లముందు కనపడాల” అన్నాడు.

ఆలోచించి చెబుతానన్నాను. నా భార్య ఫిలోమినా పోయినప్పటి నుంచి ఎవరు ఏమడిగినా నేను చెబుతున్న జవాబు అదే.

ఎత్తుకాఫీ అంటే ఏమిటో నాకు తెలియక కాదు. మాది గురజాల దగ్గర పల్లె. మేము తాగిన నీళ్లు కూడా ఎవరో ఒకరు పైనుంచి ఎత్తి పోస్తే దోసిట్లో పట్టుకుని తాగినవే. నాకు తెలియనిది మరొకటి ఉంది. అది మరునాడు పొద్దున తెలిసింది.

ఆదివారం. నేను చర్చికి, పూజకు వెళ్లలేదు. గుడిలో ఆడవాళ్లవైపు ఖాళీగా కనిపించే ఆ ఒక్క చోటును చూసే ఓపిక ఇంకా రాలేదు. మా అత్త పిచ్చమ్మ పెరట్లో మిరపకాయలు దంచుతున్నది. కూతురు పోయిన దగ్గర నుంచి ఆమె నా దగ్గరే ఉంటున్నది. పని లేకుండా కూర్చోలేదు. ఇంట్లో కారం నిండుగా ఉన్నా మళ్లీ దంచుతుంది. నేను వసారాలో కూర్చుని, సుందరరావు తనకు తోచిందని చెప్పి వెళ్లిన వాక్యాన్ని పైకి అన్నాను. వాక్యం మంచిదో కాదో పైకి అని చూడటం బడిలో అలవాటైంది.

“చెయ్యెత్తి పోసినా చుక్క చిందని కాఫీ.”

రోకలి ఆగింది.

“ఏందయ్యా అదీ? మళ్లా చెప్పు.”

మళ్లీ చెప్పాను. ఎవరిదో, ఎందుకో కూడా చెప్పాను.

“చుక్క చిందలేదంటనా?” అన్నది అత్త. చీర చెంగుతో ముక్కు తుడుచుకుని, ఒకసారి నవ్వింది. వినడానికి బాగాలేని నవ్వు. “నా బిడ్డ చేతి మీద పడింది మరి చుక్క కాదులే. చెంబెడు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఫిలోమినా ఎడమచేతి లోపలివైపు, మణికట్టు నుంచి దాదాపు మోచేతి దాకా ఒక మచ్చ ఉండేది. చర్మం అక్కడ ముడతపడి, మిగతా చెయ్యికన్న తెల్లగా ఉండేది. గాజులు దాని మీదికి తోసుకునేది. గంజి వార్చేటప్పుడు పడిందని పెళ్లైన కొత్తలో చెప్పింది. నమ్మకపోవటానికి కారణం లేదు. గంజి మచ్చ లేని ఆడవాళ్ల చేతులు మా పల్లెల్లో తక్కువ.

“అది గంజి కాదా అత్తా?”

“గంజి పడేంతగా ఆ వయసులో దానికి పొయ్యి ఎవరిచ్చారు? వార్చేదాన్ని నేను. అయినా మా ఇంట్లో గంజి ఒంటి మీద పోసుకునేంత మిగిలేదా, తాగేదానికే చాలకపోయె.”

ఆమె రోకలి గోడకు ఆనించి, వసారా మెట్టు మీద కూర్చున్నది. నా వైపు చూడకుండా చెప్పింది.

“ఆ హోటలుకి నాపరాళ్లు పరిచింది మీ మామా నేనూ. పేతురు ఉలి పట్టేవోడు, నేను రాయి మోసేదాన్ని. పని అయ్యిందాకా ఆ నేల మీద కూసున్నాం, అన్నం తిన్నాం, పిల్లని పండబెట్టాం. పొయ్యి ఎలిగిచ్చిన్నాటి నుంచి ఆ నేల మీద మా కాలు పడగూడదన్నారు. సరే, అది అన్నిచోట్లా ఉన్నదే. తర్వాత ఎప్పుడో మీ మామకి జరం వచ్చింది. నోరు చేదుగా ఉందే, గుక్కెడు కాఫీ తాగాలని ఉందే అన్నాడు. పిల్లకి సత్తు గ్లాసు ఇచ్చి పంపినా.”

“ఒంటరిగానా?”

“నాకు రాయి మోసే పని లేదా? పోయింది. అరుగు కింద మురుక్కాలవ పక్కన నిలబడింది. మనోళ్లు నిలబడే చోటు అదేగా. అరుగు ఎంత ఎత్తు! దాని మీద మనిషి, ఆ మనిషి మీద ఎత్తిన చెయ్యి. అంత పైనించి పడేదానికి పిల్ల చేతిలో గ్లాసు ఎంతయ్యా? కాలింది. చర్మం ఊడొచ్చింది.”

అత్త ఒడిలో పడ్డ కారం దులుపుకున్నది.

“ఇంటికొచ్చి చెయ్యి కాలిందని ఏడవలేదు, నీకు తెలుసునా?” అన్నది అత్త. “కాలవలో గ్లాసు పారేసుకున్నానని ఏడ్చింది.”

“పోసింది ఎవరు?”

“నేను చూశానా? ఆ హోటలోళ్లు. ఆ ఎంకట్రామయ్యే అయ్యుంటాడు.”

“నాకు ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“నేను అడగలేదనుకున్నావా? పెళ్లి కుదిరినాక అడిగినా. మీ ఆయనకి చెప్పవే, దాచేదేముంది అన్నా. ఆయన బడి ఆ బజారు చివర ఉందమ్మా, పొద్దునా సాయంత్రం ఆ హోటలు ముందే నడవాల, రోజూ నడిచేవోడికి ఎందుకు చెప్పటం అన్నది.”

నేను లేచి చొక్కా తొడుక్కున్నాను. బజారు దారి పట్టాను.

బజారు నాకు చాలా ఏళ్లుగా తెలిసినదే. నాపరాళ్ల మీద కాలు పెట్టగానే ఏ అంగడి ఎక్కడ ఉండేదో కాళ్లకు తెలుస్తుంది. నూనె గానుగ ఉన్నచోట ఇప్పుడు సిమెంటు బస్తాలు. గాజుల మలారం కొట్టు అద్దె సైకిళ్ల కొట్టు అయింది. ఇత్తడి సామాన్ల కొట్టువాడు సత్తు బిందెలు తెచ్చి వరసగా వేలాడదీశాడు. వీటిని చూసి పాత రోజులు పోయాయని బాధపడేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. నాకు ఒక్క మీరా సాహెబ్ సోడా కొట్టు కోసమే బాధ. పెళ్లైన మర్నాడు ఫిలోమినా, నేను అక్కడ జింజరు సోడా తాగాము. ముందు ఎవరు తాగారో, తరువాత ఎవరు తాగుతారో మీరా సాహెబ్ చూడడు. గోళీ కొట్టి బుడ్డీ చేతికిస్తాడు. చెయ్యి చేతికి తగులుతుంది. బుడ్డీ మూతికి నోరు తగులుతుంది. తాగిన తరువాత అన్ని బుడ్లూ ఒకే తొట్టిలో కడుగుతాడు. ఇన్నేళ్లలో ఆయన మీద ఎవరూ ఒక్క మంచి వాక్యం రాయలేదు. కొత్త హోటలుకు వచ్చే కార్లు నిలవడానికి చోటు కావాలని, ఆ కొట్టును తీసెయ్యమన్నారు.

“ఏం మాస్టారూ, ఎండన బడి వస్తన్నారు? సోడా కొట్టమంటారా?” అన్నాడు మీరా సాహెబ్.

“వచ్చి తాగుతాను సాయిబుగారూ” అని రోడ్డు దాటాను.

హోటలు ముందు గోడకు బోర్డు ఆనించి ఉంది. పెయింటరు అక్షరాలకు చోటు వదిలి బొమ్మ పూర్తిచేశాడు. నేను నిలబడి చూశాను. పనివాడు మంచివాడే. వెంకట్రామయ్యగారి మీసం, భుజం మీద తువ్వాలు ఉన్నవి ఉన్నట్లే వేశాడు. ఆయన కుడిచెయ్యి పైన ఉంది, అందులో చెంబు. ఎడమచెయ్యి నడుము దగ్గర ఉంది, అందులో గ్లాసు. మధ్యలో గోధుమరంగు ధార.

రెండు చేతులూ ఆయనవే. నేను పుట్టిన దగ్గర నుంచి చూసిన ఎత్తిపోతల్లో, పైన చెంబు పట్టినవాడు కింద గ్లాసు పట్టుకోవటం ఒక్కసారి కూడా చూడలేదు. కింద ఉన్న మనిషిని బొమ్మలోంచి తీసేశారు. తీసేస్తే ఇది విద్యలాగా కనిపిస్తున్నది.

“రాండి మాస్టారూ” అని లోపలి నుంచి ఒక గొంతు పిలిచింది. వెల్దుర్తి రైతు బ్రహ్మయ్య. మిరపకాయలు అమ్ముకోవటానికి వచ్చినప్పుడల్లా ఈ హోటల్లోనే కూర్చుంటాడు. “చూశారా, పెద్దాయన బతికొచ్చినట్టు లేదూ? ఆ రోజులే ఏరు. ఎల్దుర్తి నుంచి బండి కట్టుకొని వచ్చేది ఆ కాఫీ కోసమే గదా. ఆ ధార చూస్తంటే కడుపు నిండేది.”

“మీకు కూడా ఎత్తి పోసేవారా బ్రహ్మయ్యగారూ?”

“మాకెందుకయ్యా ఎత్తి పోసేది? మాకు లోపల బల్ల మీద...” అని ఆగిపోయాడు.

“మరి ధార ఎక్కడ చూశారు?”

“కిటికీలోంచి” అన్నాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న లారీ డ్రైవరు పగలబడి నవ్వాడు. బ్రహ్మయ్య గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

సుందరరావు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు. “తెచ్చారా మాస్టారూ? అక్షరాలు రాయటానికి పెయింటరు మీకోసమే చూస్తన్నాడు.”

“నేను రాయను సుందరరావుగారూ. రాయనని చెప్పి పోవటానికి మాత్రమే రాలేదు. ఆ పేరు తీసెయ్యమని అడగటానికి వచ్చాను.”

“ఏ పేరు?”

“ఎత్తుకాఫీ.”

ఆయన నవ్వాడు. “అదేంది మాస్టారూ? పేరే తీసేస్తే ఇంక బోర్డెందుకు? ఊరంతా అనే మాటేగా అది.”

“లోపల కూర్చున్నవాళ్లు ఎన్నడూ అనలేదు. వాళ్లకది కాఫీ. కాలవ పక్కన నిలబడినవాళ్లకే అది ఎత్తుకాఫీ. మా మాట తీసుకుని మీ బోర్డు మీద వేసుకుంటున్నారు.”

“అప్పటి ఆచారం అది. మా నాయన పుట్టించాడా?” సుందరరావు గొంతు పెరిగింది. “మిగతా హోటళ్లల్లో మీవోళ్లకి పోసేవోళ్లే గాదు, మీకు తెలుసా? మా నాయన లేదనకుండా పోశాడు. ఆ సంగతి చెప్పుకోగూడదా నేను?”

“చెప్పుకోండి. లేదనకుండా పోశారు అని రాయండి. నేనే రాసిస్తాను. ఎత్తి అన్న మాట ఎందుకు? అది ఉండాలంటే, ఎవరికి ఎత్తి పోశారో, ఎందుకు ఎత్తారో కూడా రాయండి. బళ్లో పిల్లలు రాసే వాక్యంలో కూడా ఎవరు చేశారు, ఎవరికి చేశారు అని అడుగుతాను. మీ వాక్యంలో మొదటిది మాత్రమే ఉంది.”

“ఇప్పుడు అయ్యన్నీ ఎందుకు మాస్టారూ? చట్టం వచ్చె. ఎవడైనా లోపలికి రావొచ్చు. రాండి, ఈ ఫ్యాను కింద కూర్చోండి. నేనే నా చేత్తో కాఫీ తెచ్చి బల్ల మీద పెడతా. ఇంకేం గావాల మీకు?”

“చట్టం వచ్చింది కాబట్టి కాఫీ పెడతారు. సంతోషం. ఆ అవమానాన్ని కూడా బొమ్మ గీయించి గుమ్మం మీద పెడతామంటున్నారు. దాని కిందనుంచి మేము లోపలికి రావాలా?”

రోడ్డు అవతల నుంచి మీరా సాహెబ్ గొంతు వినిపించింది. “సుందరం, నా సోడా బుడ్డీ బొమ్మ గూడా ఏయించరాదూ? ఊరందరి మూతులూ తగిలిందది.”

“నువ్వు ఊరుకో సాయిబూ, కొట్టు పోతందన్న కడుపుమంట నీది!” అని అరిచి సుందరరావు నా వైపు తిరిగాడు. అప్పటికి ఆయన మాటలో ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. “ఇంటికొచ్చి పెద్దమనిషివని అడిగితే, నా హోటల్లో నిలబడి మా నాయన్ని అంటన్నావు. మీ బళ్లన్నీ చూసే సమితికి ప్రెసిడెంటు మా బావ. ఎల్దుర్తి అవతల పంతుళ్లు లేక బళ్లు మూతబడి ఉండయ్, తెలుసుగా?”

“పంపియ్యరా, మా ఊరికే పంపియ్యి” అన్నాడు బ్రహ్మయ్య, గ్లాసులోంచి తల ఎత్తకుండానే. “మా పిల్లకాయలకన్నా నాలుగు ముక్కలొస్తయ్.”

ఎవరో నవ్వారు. నాకు కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది. అది నా గుణం. ఇప్పుడు కూడా తగ్గించే మాట్లాడాను.

“చుక్క చిందలేదు అని రాయించాలనుకున్నారు. నా భార్య ఫిలోమినా చిన్నప్పుడు, జ్వరంతో ఉన్న తండ్రికోసం ఈ అరుగు కింద గ్లాసు పట్టుకుని నిలబడింది. మీ హోటలువాళ్లు పైనుంచి పోసిన కాఫీ చేతి మీద పడింది. చర్మం ఊడింది. ఆ మచ్చతోనే మొన్న ఎండాకాలంలో ఆమెను మట్టిలో పెట్టాను. అది మీ కాఫీ అని నాకు ఈ రోజు పొద్దున దాకా తెలియదు. ఈ బజారున రోజూ నడవాల్సినవాడినని నాకు చెప్పకుండా దాచింది. రేపటి నుంచి ఆ బొమ్మ కింద నడవమంటారా?”

రేడియో ఏదో చెబుతూ ఉంది. లారీ డ్రైవరు లేచి వెళ్లి దాన్ని కట్టేశాడు.

సుందరరావు ముఖం ఎర్రబడింది. సిగ్గో కోపమో నేను చెప్పలేను. “అబద్ధం. మా నాయన అట్టాంటి మనిషి గాదు. చీమని తొక్కేవోడు గాదు. పసిపిల్ల మీద పోస్తాడా? ఎవరో నీకు లేనిపోనియ్యి ఎక్కించారు. మా అమ్మని అడుగు, చెప్పుద్ది. అమ్మా! ఇట్టా రా, ఒకసారి!”

ఆదిలక్ష్మమ్మగారు పిలిచేదాకా ఆగలేదు. వంటింటి గుమ్మంలో అప్పటికే నిలబడి ఉన్నారు. వెంకట్రామయ్యగారి భార్య. మనిషి పొట్టి, మాట తక్కువ. భర్త పోయాక ఆమె హోటలు ముందు గదిలోకి రావటం ఎవరూ చూడలేదు. గోడ పట్టుకుని నాపరాళ్ల మీదుగా నడిచి వచ్చారు. కొత్త మిద్దెలో కూడా నేల మార్చలేదని అప్పుడు గమనించాను. అవే రాళ్లు.

“చెప్పమ్మా” అన్నాడు సుందరరావు. “నాయన ఎప్పుడన్నా ఎవరి మీదన్నా కాఫీ పోశాడా?”

ఆమె కొడుకు వైపు చూడలేదు. నన్నే చూశారు.

“పేతురు కూతురా, నీ పెళ్లాం?”

“అవునమ్మా.”

“పోయిందా?”

“ఎండాకాలంలో.”

“ఎడం చెయ్యి” అన్నారు ఆమె.

నేను చెయ్యి అని మాత్రమే చెప్పాను. ఏ చెయ్యో చెప్పలేదు.

సుందరరావుకు కూడా ఆ సంగతి తట్టింది. “నీకెట్టా తెలుసే?” అన్నాడు.

“చూస్తే తెలవదా? వంటింట్లో నించి అరుగు కనపడేదిగా.” ఆమె బల్ల అంచు పట్టుకున్నారు. “మీ నాయన కాదులే. ఆయన ఆ పొద్దు గురజాల కోర్టు వాయిదాకి పోయాడు. హోటలు చూడమని నిన్ను పెట్టిపోయాడు. చెంబు నీ చేతిలో ఉందిరా.”

“నా చేతిలోనా?”

“నీ చేతిలోనే.”

“నాకు గ్యాపకం లేదే అమ్మా.”

“నీకెందుకుంటది? కాలింది నీ చెయ్యా?”

సుందరరావు తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. నిజంగానే గుర్తు లేదని నాకు తెలుస్తూ ఉంది. ఆయన అబద్ధం ఆడటం లేదు. అబద్ధం ఆడి ఉంటే నాకు కోపం ఇంత ఉండేది కాదు. ఫిలోమినా బతికినన్ని రోజులూ గాజుల కింద దాచుకున్నది ఆయన మనసులో ఒక్క పూట కూడా నిలవలేదు.

“పసోడు గదా వదినా” అన్నాడు బ్రహ్మయ్య మెల్లగా. “చెంబు బరువు. చెయ్యి వణికుంటది.”

ఆదిలక్ష్మమ్మగారు తల అడ్డంగా ఊపారు.

“వణకలేదు బ్రహ్మయ్యా. గ్లాసు నిండింది. చుక్క చిందలేదు. ఆ పిల్ల గ్లాసు చూసుకొని, తలకాయ పైకెత్తి వీణ్ణి ఒక మాట అడిగింది. ఆ మాట విన్నాక వీడు చెంబులో మిగిలింది పోశాడు.”

పెయింటరు కుంచె డబ్బాలో పెట్టేశాడు. మీరా సాహెబ్ ఎప్పుడు రోడ్డు దాటాడో, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

“అమ్మా, ఇంక చాల్లే, లోపలికి పో” అన్నాడు సుందరరావు.

ఆమె పోలేదు. దగ్గరున్న కుర్చీ నా వైపు జరిపారు. “కూర్చో పంతులూ. నీ పెళ్లాం అడిగిన మాట నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. ఇన్నేళ్లల్లో వీళ్ల నాయనకి కూడా చెప్పలేదు. కూర్చో, చెప్తా.”

నేను కూర్చోలేదు.

“నిలబడే వింటానమ్మా” అన్నాను. “ఏమని అడిగింది?”

(తరువాయి వచ్చే వారం)